వియ్యపురాలి యుద్ధనౌక

"పైలట్‌గారున్నారా? మా నాన్న పళ్లు తయారయ్యాయా?"

ఆ గుమ్మం ముందు రోజూ వినిపించే మాట ఇది. కొత్తగా విన్నవాళ్లు పైలట్‌కీ పళ్లకీ ఏమిటి సంబంధమని తెల్లమొహం వేసేవారు. వీధిలో పాతవాళ్లకి మాత్రం అందులో వింతేమీ లేదు. ఆయన వృత్తి కట్టుడు పళ్లు చేయడం. దంతవైద్యులు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, నుదుటికి భూతద్దం కట్టుకుని, ఒక్కో పన్నూ అరగదీసి, పక్కపన్ను రంగుతో కలిసిపోయేలా చేసి ఇచ్చేవారు. పైలట్ అన్నది ఆయన పిచ్చికి వీధి పెట్టిన పేరు.

పిచ్చి అంటే యుద్ధవిమానాల పిచ్చి. చిన్నప్పుడు బడి మైదానంలో బంతాట ఆడుతుంటే నెత్తిమీదుగా ఒక జెట్ బాగా కిందుగా దూసుకుపోయింది. తక్కిన పిల్లలు చెవులు మూసుకుని నేలకి కరుచుకుపోతే, ఈయన బంతి సంగతి మరిచి ప్రహరీగోడ దాకా దాని వెనకాలే పరిగెత్తారు. ఆ పరుగు ఇంకా ఆగలేదని ఆయన భార్య అంటుంది. ఆకాశంలో చప్పుడైతే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే బాల్కనీలోకి వెళ్లి, అది ఏ రకమో, ఎక్కడ తయారైందో, దాని అన్నదమ్ములెవరో చెప్పేస్తారు. ఇంటి పైకప్పు నిండా కొక్కేలు, కొక్కేల నిండా ఆయన చేత్తో చేసిన నమూనా విమానాలు. మొట్టమొదట చేసిన మిగ్ ఇరవైయొకటి మాత్రం లేత గులాబీ రంగులో ఉంటుంది. అప్పట్లో ఆయన దగ్గరున్న సరుకల్లా పళ్ల సెట్లకి చిగుళ్లు పోసే ప్లాస్టిక్కే.

ఇంత పనితనం ఉన్న మనిషి, ఇంత మంచి మనిషి, ఒక యుద్ధవిమానాన్ని చేతులారా ముట్టుకున్నది మాత్రం ఎన్నడూ లేదు. ఎప్పుడూ కంచెకి ఇవతల నిలబడి చూడటమే.

ఈ పిచ్చి వల్ల కూతురికి ఒక సంబంధం తప్పిపోయింది కూడా. వచ్చిన పెద్దాయన మర్యాద కోసం పైకి వేలు చూపించి, "అదేమిటండీ, రెక్క అలా త్రికోణంగా ఉందీ?" అన్నాడు. అంతే. పైలట్‌గారు కుర్చీ దగ్గరకి జరుపుకున్నారు. చీకటి పడేవేళకి ఆ పెద్దాయన కళ్లు తెరిచే నిద్రపోతున్నాడు, ఆయన భార్య తలనొప్పి మాత్ర అడిగింది. మర్నాడు కబురొచ్చింది: "అమ్మాయి బంగారం. కానీ ఆ మావగారితో జన్మంతా వేగడం మావాడి వల్ల కాదు."

కూతురు ఏమీ నొచ్చుకోలేదు. ఆ అబ్బాయి తనకీ నచ్చలేదంది. కానీ రెండేళ్లు తిరిగేసరికి తనే ఒకణ్ని చూసుకుంది. ఆ అమ్మాయి ఒక ఆసుపత్రిలో కీళ్లు పట్టేసినవాళ్లతో కసరత్తులు చేయిస్తుంది. ఈ అబ్బాయి ఊరి ఈతకొలనులో ఈత నేర్పుతాడు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లని నీళ్లలో నడిపించే పని ఇద్దరికీ కలిపి అప్పగించారు. ముసలివాళ్లు నడక నేర్చుకునే లోపల వీళ్లు మనసులు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇక పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడమే తరువాయి.

"నాన్నా, నా మీద ఒట్టు," అంది కూతురు. "ఆదివారం వాళ్లు వచ్చి వెళ్లేదాకా విమానం అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు."

"వాళ్లంతట వాళ్లే అడిగితేనో?"

"అడగరు."

"పైనుంచి ఏదైనా వెళ్తేనో?"

"వెళ్తే వెళ్లనీ. నువ్వు కూర్చున్న చోటునుంచి కదలకూడదు."

పైలట్‌గారు భార్య వైపు జాలిగా చూశారు. పోస్టాఫీసు కౌంటర్లో పాతికేళ్లుగా జనంతో వేగుతున్న మనిషి ఆవిడ. ఇలాంటి చూపులకి కరగదు. "దాని బతుకు. దాని మాట విను," అంది.

శనివారం సాయంత్రం తల్లీకూతుళ్లు నిచ్చెన వేసి విమానాలన్నీ దింపారు. పడకగదిలో మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద సర్ది, గదికి తాళం వేశారు. తాళంచెవి కూతురు జేబులోకి వెళ్లింది. బోడిగా మిగిలిన కొక్కేల వైపు చూస్తూ పైలట్‌గారు అన్నం కెలికి లేచిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. అబ్బాయి, అబ్బాయి తండ్రి, తల్లి. తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు. పొడుగ్గా, నెమ్మదిగా, ఎక్కడ కూర్చున్నా కిటికీ పక్కనే కూర్చునే రకం. తల్లిది ఊరికి అటు చివర ఒక బేకరీ. పొట్టిగా, చురుగ్గా ఉంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే వేడివేడి బన్నుల కాగితపు సంచి తెచ్చి పైలట్‌గారి భార్య చేతిలో పెట్టింది. ఆ తర్వాత సోఫాలో కూర్చుని, పెదాలు బిగించి, ఎదురుగోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

పైలట్‌గారూ అంతే. కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పంటి బిగువున మౌనం పట్టారు.

మాట్లాడే భారమంతా పైలట్‌గారి భార్య మీద పడింది. ఎండల గురించి మాట్లాడింది. వానల గురించి మాట్లాడింది. బస్సుల గురించి అడిగితే డ్రైవరుగారు "ఆఁ, బాగానే ఉంటాయండీ" అని ఊరుకున్నారు.  కూతురు వంటింటి గుమ్మంలో గోళ్లు కొరుక్కుంటోంది. అబ్బాయి తన తల్లి మొహం కేసీ, కాబోయే మావగారి మొహం కేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడకి మన ఇల్లు నచ్చలేదు కాబోలని ఇక్కడ ఈవిడ బెంగ. ఆయనకి మన పిల్లాడు ఆనలేదు కాబోలని అక్కడ డ్రైవరుగారి బెంగ.

డ్రైవరుగారు తలెత్తి పైకప్పు చూశారు. "ఇన్ని కొక్కేలున్నాయేమిటండీ?"

పైలట్‌గారి కంఠమణి పైకీ కిందకీ కదిలింది.

"దోమతెరలకండీ," అంది భార్య చటుక్కున.

"ఇన్ని దోమతెరలా!"

"మా వీధిలో దోమలెక్కువండీ."

డ్రైవరుగారు తల ఊపి, జాలిగా ఒకసారి చేతులు తడుముకున్నారు.

ఆ ఇబ్బందిలో చేతులకి ఏదో ఒక పని కావాలని పైలట్‌గారు బన్నుల సంచిని దగ్గరకి లాక్కున్నారు. సంచి మీద ఏవో అక్షరాలు అచ్చేసి ఉన్నాయి. ప్రకటన కాబోలనుకుని చదివారు.

"శత్రు నౌకలు గర్జిస్తూ వెంటపడ్డాయి. చుట్టూ చుక్కలు తప్ప మరేమీ లేని శూన్యం. ఆమె తన యుద్ధనౌకను ఎడమ రెక్క మీదికి వాల్చి, గద్దలా గిర్రున మళ్లించింది..."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ చదివారు. అవే మాటలు. సంచిని తిప్పి ఇటుపక్క పెట్టారు, కళ్లు అటే లాగాయి. బల్ల కింద భార్య పాదం వచ్చి ఆయన పాదం మీద ఆనింది.  ఒట్టు గుర్తుచేసుకున్నారు. కూతురు మొహం చూశారు. ఒట్టు విమానం గురించి కదా, ఇది నౌక కదా అని ఒక వంక తట్టింది. ఆ తర్వాత ఇక ఆయన వశం తప్పిపోయింది.

"ఎవడండీ ఈ సంచి రాసినవాడు?"

 కూతురు కళ్లు మూసుకుంది.

"ఎవడూ కాదండీ," అంది సోఫాలోంచి బేకరీ ఆవిడ. "నేనే రాశాను."

"అమ్మా!" అన్నాడు అబ్బాయి. "ఒట్టేశావు!"

"నేను మొదలుపెట్టలేదురా! ఆయనే అడిగారు!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆవిడకి సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. పిండి పొంగేలోపు దొరికే ఖాళీలో అలాంటి కథలు చదివీ చదివీ, చివరికి తనే మొదలుపెట్టింది. వేరే గ్రహాలు, వాటి మీద మనుషులు, వాళ్ల యుద్ధాలు. ఏ పత్రికకీ పంపలేదు. బేకరీ సంచుల మీద వారానికో ముక్క అచ్చేయిస్తుంది. బన్ను తిని సంచి పారేసేవాళ్లు పారేస్తారు, తక్కినవాళ్లు తర్వాతి ముక్క కోసం మళ్లీ వస్తారు. ఇంటికి ఎవరొచ్చినా ఆ గ్రహాల గోలే కనుక, ఈ ఒక్క రోజూ నోరు విప్పొద్దని కొడుకు ఒట్టు వేయించుకుని తీసుకొచ్చాడు.

పైలట్‌గారికి అదంతా చెవికెక్కలేదు. "శూన్యం అని మీరే రాశారు. గాలి లేనిచోట గర్జన ఎలా వినపడుతుందండీ?"

బేకరీ ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. గర్జన తప్పే. ఒప్పుకుంటున్నాను."

"రెక్క?"

"రెక్క మాత్రం తప్పు కాదు. నా నౌక రేపు గ్రహం మీద దిగాలి. ఆ గ్రహానికి గాలి ఉంది. దిగడానికి రెక్కలు వద్దూ?"

ఇది పైలట్‌గారు ఊహించలేదు. "దిగడానికి సరే," అన్నారు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "మళ్లడానికి ఎలా పనికొస్తాయండీ? విమానం ఒక పక్కకి వాలితే రెక్క మీది గాలి దాన్ని ఆ పక్కకి లాగుతుంది. గాలే లేకపోతే ఎంత వాలినా ఏం లాభం? వాలుతూ తిన్నగా పోతూనే ఉంటుంది."

"మరి మీరైతే ఎలా మళ్లిస్తారు?"

ఆ మాట ఆయన్ని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆయన లేచి నిలబడి కూతురి ముందు చెయ్యి చాచారు. కూతురు అబ్బాయి వైపు చూసింది. అబ్బాయి ఇంకేం చేస్తామన్నట్టు భుజాలెగరేశాడు. తాళంచెవి చేతులు మారింది.

పడకగది తలుపు తెరుచుకోగానే బేకరీ ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం నిండా విమానాలు. రెక్కలు వెనక్కి మడిచినవీ, ముక్కు సూదిలా సాగినవీ, రెండు తోకలవీ, బొద్దుగా చేపల్లా ఉన్నవీ. ఆవిడ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. తర్వాత వంగి, చాలా జాగ్రత్తగా, గులాబీ రంగుదాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది ఏ గ్రహానిదండీ?"

"అది చిగుళ్లదండీ," అన్నారు పైలట్‌గారు. ఆ వెంటనే తనే నవ్వేశారు. ఆవిడా నవ్వింది. హాల్లో ఉన్నవాళ్లకి ఆ నవ్వు వినిపించి ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఆ గులాబీ మిగ్‌ని ఎత్తి పట్టుకుని గదిలోంచి హాల్లోకి నడక సాగించారు. "ఇదిగో, మీ కథలో అమ్మాయి ఇలా దూసుకుపోతోంది. వెనకాల శత్రువులు. ఇప్పుడు మూతి దగ్గర చిన్న ఇంజన్ ఒకటి ఇలా పక్కకి ఊదింది. నౌక గిర్రున వెనక్కి తిరిగింది. కానీ చూడండి, తిరిగిందే తప్ప దారి మారలేదు. ఆపేదేదీ లేదు కదా, అటే పోతోంది. ఇప్పుడు వెనక్కి..." అంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లి డ్రైవరుగారి ఒళ్లో పడ్డారు.

డ్రైవరుగారు ఆయన్ని పట్టుకుని, "వెనక చూసుకోవాలండీ," అన్నారు నెమ్మదిగా.

బేకరీ ఆవిడ మాత్రం హాలు మధ్యలో రాయిలా నిలబడిపోయింది. కళ్లు మెరుస్తున్నాయి. "అంటే... వెనకాల తరుముకొచ్చేవాడి వైపు మూతి తిప్పి, వాడి కళ్లలోకి చూస్తూ, వెనక్కి జారిపోతూనే కాల్చొచ్చన్నమాట!"

"అదీ!" అని అరిచారు పైలట్‌గారు, డ్రైవరుగారి ఒళ్లోంచే.

"అయ్యో, ఇది నాదానికంటే వెయ్యిరెట్లు బాగుందండీ!"

ఆ తర్వాత వాళ్లని ఆపడం ఎవరి తరమూ కాలేదు. బన్నులు చల్లారిపోయాయి. నౌకకి ఎన్ని చిన్న ఇంజన్లుండాలో, గ్రహం గాలిలోకి దిగేటప్పుడు ఏ భాగం ముందు కాలుతుందో, అంత వేగంలో ఆ పైలట్ అమ్మాయి ప్రాణాలతో ఉంటుందో ఉండదో, ఒకరు చెప్పడం, మరొకరు అడ్డుపడటం. ఒకసారి గొంతులు బాగా లేచి, పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి వెళ్లింది. పొద్దు వాలేవేళకి డ్రైవరుగారు గొంతు సవరించుకుని, "మరి మనం వచ్చిన పని..." అన్నారు.

"ఏం పనీ?" అంది ఆయన భార్య.

"పెళ్లి."

"ఆఁ, అదెప్పుడో కుదిరిపోయింది కదండీ!" అన్నారు పైలట్‌గారు. "అవునమ్మా, ఆ నౌకకి ఇంధనం ఎక్కడ పెట్టారూ?"

అలా కుదిరింది ఆ పెళ్లి.

అక్కడినుంచి ప్రతి శనివారం పైలట్‌గారు పళ్ల పని తొందరగా ముగించి, బస్సెక్కి బేకరీకి వెళ్లేవారు. వెనక గదిలో పిండి సంచుల పక్కన స్టూలు వేసుకుని, ఆవిడ పిండి పిసుకుతూ కథ చెబుతుంటే వినేవారు. ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన ఆవిణ్ని అమ్మా అనేవారు. ఈ మర్యాదలన్నీ రెక్కల దగ్గరికొచ్చేదాకానే. ఆ తర్వాత ఇద్దరూ చిన్నపిల్లల్లా తగువులాడుకునేవారు.

ఒక వారం మాత్రం తేడా వచ్చింది. పైలట్‌గారి సలహాలన్నీ వరసగా రాసేసరికి సంచికి రెండు పక్కలా ఇంజనే నిండిపోయింది. రోజూ వచ్చే ఒక ముసలాయన సంచి చదివి, "ఈ వారం ఆ పిల్ల ఏమైందమ్మా? ఇదంతా ఏదో మెకానిక్ షెడ్డులా ఉంది," అన్నాడు. మరుసటి వారం ఆవిడ ఇంజన్‌ని ఒక్క వాక్యానికి కుదించేసింది.

పైలట్‌గారు అలిగారు. పెళ్లిళ్లలో మగపెళ్లివారు అలుగుతారని విన్నాం కానీ, ఇంజన్ పేరా కోసం ఆడపెళ్లివారు అలగడం ఆ వీధి ఎన్నడూ ఎరగదు. శనివారం ఆయన కదల్లేదు. బేకరీ ఆవిడే బన్నుల సంచితో గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరు చెప్పేవన్నీ నిజాలే. ఒక్కటీ కాదనను," అంది. "కానీ ఆ పిల్ల ఆ కుర్చీలో కూర్చుని ఉంటుంది కదా. కూర్చుంటే ఎలా ఉంటుంది? ఏం వాసనొస్తుంది? మోచెయ్యి దేనికి తగులుతుంది? మీరు అదెప్పుడూ చెప్పరేం?"

 పైలట్‌గారు చేతిలోని పళ్ల సెట్టును బల్ల మీద పెట్టారు.

"నాకు తెలియదమ్మా," అన్నారు. "నేనెప్పుడూ కూర్చోలేదు."

 బేకరీ ఆవిడ ఆ రోజు ఇంటికి వెళ్లి భర్తతో చెప్పింది: పాపం, ఆయన జన్మలో ఒక్కసారైనా అందులో కూర్చోలేదట, ఎవరైనా ఎరిగినవాళ్లుంటే బాగుండునని.

డ్రైవరుగారు టీ కప్పు కింద పెట్టారు. "యుద్ధవిమానాలుండే ఎయిర్‌ఫీల్డులో మెకానిక్ ఒకావిడ ఉంది. అడుగుతాను."

"మీకెలా తెలుసు?"

"పదిహేనేళ్లు నా రూటు అదే కదా. పొద్దున్న అక్కడి పనివాళ్లని దింపేదీ, సాయంత్రం ఎక్కించుకునేదీ నేనే."

ఈ సంగతి తెలిసి పైలట్‌గారు పరుగున వచ్చారు. "పదిహేనేళ్లా! ఆ గేటు లోపలికా! ఇన్నాళ్లూ చెప్పలేదేం బావగారూ?"

"మీరిద్దరూ మాట్లాడుతుంటే మధ్యలో సందు దొరికితే కదా బావగారూ," అన్నారు డ్రైవరుగారు.

ఎయిర్‌ఫీల్డు అంచున ఒక పాత షెడ్డులో, పని మానేసిన విమానాలని జనం కంచెకి ఇవతలనుంచి చూడటానికి ఉంచారు. డ్రైవరుగారి మాట మీద, జనం లేని ఒక ఉదయం రమ్మన్నారు. అందరూ వెళ్లారు. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎండ లోపలికి సగం దాకా పరుచుకుంది. ఆ ఎండలో, ముక్కు వెలుగులోనూ తోక నీడలోనూ పెట్టుకుని, రెండు సీట్ల జెట్ ఒకటి నిలబడి ఉంది. పైలట్లకి శిక్షణ ఇచ్చేదది. ఒక సీటు ముందు, ఒకటి దాని వెనక కాస్త ఎత్తులో.

"ఎల్ ముప్పైతొమ్మిది," అన్నారు పైలట్‌గారు గుసగుసగా.  

మెకానిక్ ఆవిడ నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, డ్రైవరుగారి భుజం తట్టి, నిచ్చెన చూపించింది. పైలట్‌గారు ముందు అరచెయ్యి విమానం పక్కటెముకల మీద ఆనించారు. ఎండకి వెచ్చగా ఉంది. వరసగా ఉన్న రివెట్ల మీద వేలు పోనిచ్చారు. పళ్లు తడిమి చూసే వేళ్లు కదా, ఎక్కడ మరమ్మతు చేశారో కూడా తెలిసిపోయింది. తర్వాత ఎక్కారు.  సీట్లోకి దిగేటప్పుడు పొట్ట ఒకచోట అడ్డుపడింది. మెకానిక్ ఆవిడ, "ఊపిరి వదలండి, దిగిపోతారు," అంది. దిగిపోయారు.

ఎదురుగా గడియారాల్లాంటి డయళ్లన్నీ ఆయనకి తెలిసినవే. ఎత్తు చూపేదీ, వేగం చూపేదీ, నేల ఎటుందో చూపేదీ. కానీ ఏ బొమ్మలోనూ లేనివి కొన్ని ఉన్నాయక్కడ. ఇంజన్ జోరు పెంచే పిడి మీద నల్లరంగు ఎన్నో చేతులకి అరిగి లోహం తేలింది. పాత రబ్బరూ, కిరసనాయిలూ, ఎవరిదో చెమటా కలిసిన వాసన. భుజాలు రెండు పక్కలా గోడలకి తగులుతున్నాయి.

"అన్నయ్యగారూ! ఎలా ఉందీ?" కిందినుంచి బేకరీ ఆవిడ మెడ సాచి అరిచింది. "ఏదో ఒకటి చెప్పండీ!"

 "ఇరుకుగా ఉందమ్మా," అన్నారాయన. "ఇంకొకళ్ల చొక్కా తొడుక్కున్నట్టుంది." పిడిని ఒకసారి తడిమి, "దిగాలనిపించట్లేదు," అన్నారు. కళ్లు తుడుచుకోబోతే మోచెయ్యి ఒక మీటకి తగిలింది. "మోచెయ్యి ఇదిగో దీనికి తగులుతుంది!" అని అరిచి, ఏడుస్తూనే నవ్వారు.

వెనక సీటు బేకరీ ఆవిడది అని ముందే అనుకున్నారు. ఆవిడ నిచ్చెన మీద ఒక కాలు కూడా వేసింది. వేసి, ఎందుకో వెనక్కి తిరిగింది. పైలట్‌గారి భార్య హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో గుండెకి హత్తుకుని, ముందు సీట్లోని మనిషినే చూస్తోంది. బేకరీ ఆవిడ కాలు దించేసింది.

"వదినగారూ, మీరెక్కండి."

"నేనా? నాకెందుకండీ! వీటి సంగతి నాకేం తెలుసు?"

"తెలియాలా ఏం? కూర్చోవడమేగా. ఎక్కండి!"

కూతురూ కాబోయే అల్లుడూ చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కించారు. ఆవిడ వెనక సీట్లోకి దిగి, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా డయళ్లు చూసి, "అయ్యో, ఎంత దుమ్ము!" అని చీర చెంగుతో తుడిచింది. మెకానిక్ ఆవిడ నవ్వుతూ ఇద్దరి తలలకీ హెల్మెట్లు పెట్టి, ఏదో తీగ తగిలించి మీట నొక్కి, పైన గాజుకప్పు దించింది. డయళ్ల వెనక చిన్న దీపాలు వెలిగాయి.

పైలట్‌గారి చెవుల్లో ముందు బరబరమని చప్పుడు. తర్వాత, మెదడు మధ్యలోంచి వచ్చినట్టుగా, భార్య గొంతు.

"ఏమండీ. వినిపిస్తోందా?"

ఇరవైఎనిమిదేళ్ల కాపురంలో ఆ గొంతు ఆయనకి అంత దగ్గరగా ఎన్నడూ వినపడలేదు.

"వినిపిస్తోంది."

"ఎక్కడికి వెళ్తున్నాం?"

ఆయన ఎదురుగా చూశారు. తెరిచిన తలుపుల్లోంచి రన్‌వే, దాని చివర గడ్డి, దాని పైన ఆకాశం. "నువ్వే చెప్పు," అన్నారు.

"వదినగారి గ్రహానికి పోదాం. దారిలో చంద్రుడి పక్కనుంచి తిప్పండి, ఒకసారి దగ్గరగా చూడాలని ఉంది."

"గాలి ఉన్నంతవరకే ఇది ఎగురుతుంది..." అని మొదలుపెట్టి పైలట్‌గారు నాలుక కరుచుకున్నారు. పిడి ముందుకు తోశారు. "గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నా. పోనీండి."

ఆయన నోటితోనే ఇంజన్ చప్పుడు చేశారు. ముందు సన్నగా, తర్వాత గొంతు చించుకుని. ఆవిడ హెల్మెట్‌లో పగలబడి నవ్వింది. కింద నిలబడ్డవాళ్లకి మాటలేవీ వినిపించడం లేదు. ముందు తల ఎడమకి వాలింది, వెనక తలా ఎడమకి వాలింది. రెండు తలలూ కుడికి వాలాయి. బేకరీ ఆవిడ నిచ్చెన పట్టుకుని గిలగిల్లాడిపోయింది. "ఏం చెప్పుకుంటున్నారో! నాకెవరైనా చెప్పండర్రా!"

దిగాక వాళ్లిద్దరినీ ఎంత అడిగినా చెప్పలేదు. "మీ గ్రహం బాగుంది వదినగారూ," అని మాత్రం అంది పైలట్‌గారి భార్య, చెదిరిన జుట్టు సర్దుకుంటూ. ఆ తర్వాత బేకరీ ఆవిడ తన వంతు ఎక్కి, ఇంకిక దిగనంటే దిగనని కూర్చుంటే, డ్రైవరుగారు వెళ్లి, "ఆఖరి స్టాపు, అందరూ దిగాలి," అన్నారు.

పెళ్లి మరుసటి నెలలో జరిగింది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద అందరినీ నిలబెట్టి ఫోటోగ్రాఫరు ఒకటి, రెండు అంటుండగా పైన ఉరుము లాంటి చప్పుడైంది. ఆ ఫోటో ఇప్పుడు రెండిళ్లలోనూ గోడ మీదుంది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మాత్రమే కెమెరా వైపు చూస్తున్నారు. వెనక వరసలో నలుగురు పెద్దవాళ్లూ మెడలు వెనక్కి విరిచి ఆకాశం చూస్తున్నారు. అందులో వేలెత్తి చూపిస్తున్నది పైలట్‌గారి భార్య.

"రెండింజన్లది," అంది ఆవిడ.

"ఒక్కటే," అన్నారు పైలట్‌గారు.

ఆవిడ చెప్పిందే నిజమైంది. ఆ ఓటమిని ఆయన ఆ సాయంత్రమంతా వచ్చిన ప్రతివాళ్లకీ గొప్పగా చెప్పుకున్నారు.